అక్కడ కపెల్లా ఉంది

"అక్కడొక పెళ్ళాం ఉందిట" అని అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి గుసగుసలాడింది. ఆవిడ గుసగుస వీధి చివరిదాకా వినిపిస్తుంది. గదిలో కొడుకు తోటి ఆఫీసరుతో ఫోన్లో మాట్లాడుతుంటే చెవిన పడిందట. సాయంత్రమయ్యేసరికి దాన్ని చూసుకుంటే చాలు, ఇంకేం అక్కర్లేదన్నాడట.

కోడలు మొగుడి యూనిఫాం చొక్కాకి గుండీ కుడుతోంది. రేపు అతను ఓడెక్కాలి. వినగానే ఆమెకి అర్థమైపోయింది. పెళ్ళాం కాదు, కపెల్లా. ఆకాశంలో చుక్క. చేతులు గుండీ కుడుతుంటే కళ్ళు వాటంతటవే కుట్టాయి. ఆడదైతే ఓ ఏడుపు ఏడ్చి ఊరుకునేది. చుక్కనెలా ఓర్చుకోవడం? ఒకప్పుడు ఆ ఓడలో తనూ ఆఫీసరే. మునిమాపు వేళ, చుక్కలూ సముద్రపు అంచూ రెండూ కనబడే ఆ కాసేపట్లో, చుక్కల ఎత్తు కొలిచే సెక్స్టెంట్ కంటికి ఆనించి కపెల్లాని మెల్లగా నీటి అంచుమీదికి దింపి ఓడ ఎక్కడుందో చెప్పేది. పెళ్ళయ్యాక ఓడ దిగింది. దిగింది కాదు, ఓడింది. "ఇద్దరూ నీళ్ళమీదుంటే ఇల్లు నీళ్ళపాలే" అన్నారు మామగారు, తన చమత్కారానికి తనే మురిసిపోతూ. "ఇక్కడ దీంతో ఏం కొలుస్తావ్, ఉప్పా?" అని ఆమె సెక్స్టెంట్ మొగుడు పట్టుకుపోయాడు. అంతకుముందు చుక్కలు తను చూసేది. ఆ తర్వాత వీళ్ళు చూపించారు.

ఈలోగా హాల్లో పంచాయితీ మొదలైంది. మామగారు కళ్ళజోడు వెతుక్కున్నారు, ఆడపడుచు టీవీ ఆపింది.

"ఎవర్రా అది?" అంది అత్తగారు.

"కపెల్లా అమ్మా, నక్షత్రం. అదీ సరిగ్గా దొరికి చావట్లేదు. ఈవిడగారి సెక్స్టెంట్‌లో దోషం. లెక్క ఎప్పుడూ నాలుగు మైళ్ళు తేడా."

"దోషం రెండు మైళ్ళే" అంది ఆమె, దారం కొరికి. "సున్నా చూపించాల్సిన చోట రెండు ఎక్కువ చూపిస్తుంది. తీసెయ్యాలి. మీరు కలుపుతున్నారు, అందుకే నాలుగు."



"ఓస్, చుక్కేనా. ఇంకేం, నీకు సవతి లేదమ్మా" అని అత్తగారు నిట్టూర్చింది.

ఆమె లేచి, సర్దిన సూట్‌కేసులోంచి సెక్స్టెంట్ పెట్టె తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇది ఇక్కడే ఉంటుంది. వచ్చే నెల నేను ఓడెక్కుతున్నాను" అంది. "సవతి ఉంది అత్తయ్యా. కపెల్లాని ముందు చూసుకున్నది నేను. మధ్యలో వచ్చింది మీ అబ్బాయి."