ధర్మసాగర్ కట్టెక్కిన నీళ్లు

కాజీపేట చర్చివాళ్లు బాప్తిస్మాలకు ధర్మసాగర్ చెరువుకే వస్తారు. ఆ శనివారం కూడా ఆటోల్లో వచ్చారు. ఆడవాళ్లు కట్టమీద చాపలు పరిచి పులిహోర డబ్బాలు పెట్టారు. పాస్టరుగారు ప్యాంటు మోకాళ్ల దాకా మడుచుకుని నీళ్లలో దిగారు.

మనసులో మురికి ఉంచుకుని ఎవరైనా దిగబోతే ఆ చెరువు వెనక్కి జరుగుతుంది. "వచ్చే నెల చూద్దాంలే" అంటారు పాస్టరుగారు. అట్లాంటివాళ్లు పులిహోర తిని, తడవకుండానే ఇంటికి పోతారు. సమ్మమ్మకూ అట్లాగే అయింది. తోటికోడలు పూలమ్మతో మాటల్లేని రోజుల్లో దిగబోతే నీళ్లు బారెడు దూరం జరిగాయి. వెళ్లి పూలమ్మ చేతులు పట్టుకుని ఏడ్చి వచ్చాకే చెరువు ఆమెను రానిచ్చింది.

ఈసారి యాకయ్య వంతు. తాగి ఆటో నడిపి, సమ్మమ్మ ఒక్కగానొక్క కొడుకు ప్రభాకర్‌ను హనుమకొండ చౌరస్తాలో చంపినవాడు. జైలు నుంచి వచ్చి, బాప్తిస్మం ఇయ్యమని పాస్టరుగారి కాళ్ల మీద పడ్డాడు. "నాదేముంది, చెరువు ఒప్పుకోవాలె" అన్నారాయన.

చెరువు అతణ్ణి కాదనడం కళ్లారా చూద్దామనే సమ్మమ్మ వచ్చింది.

"వీడు దిగితే నీళ్లు వేలేరు దాక ఉరుకుతయక్కా," అంది పూలమ్మ. "సంచి తేవాల్సుండె, చేపలు ఏరుకుందుము."

"నవ్వకే. గుండె కాలుతాంది నాకు."

పాస్టరుగారు పిలిచినా యాకయ్య దిగలేదు. తెల్ల చొక్కాలో కట్టమీదే నిలబడ్డాడు.

"నాతోని కాదయ్యా. నన్ను జూస్తే ఎల్లిపోతయి నీళ్లు. నేను పోత."

వెనక్కి తిరిగాడు.

అప్పుడు చెరువు కదిలింది. వెనక్కి కాదు. రాళ్ల మీదుగా కట్ట ఎక్కింది. చాపలను, డబ్బాలను, చెప్పులను దాటుకుని అతని వెంట పడింది. అతను పరుగెత్తబోతే చుట్టూ తిరిగి ముందుకొచ్చి, నడుము దాకా నిలబడింది. కట్టమీద బాప్తిస్మం పాట పాడుతున్నవాళ్ల నోళ్లు తెరిచినవి తెరిచినట్టే ఉండిపోయాయి. వెనక్కి జరిగే చెరువునే వాళ్లు ఎరుగుదురు. ఒకరి కోసం ఉరికే చెరువును ఎవరూ ఎరగరు.

"ఇదేం న్యాయం ప్రభువా!" సమ్మమ్మ అరిచింది. "తోటికోడలితోని మాట్లాడలేదని నన్ను వాపస్ పంపినవ్. నా కొడుకును సంపినోని కాడికి నువ్వే పోతానవా?"

నీళ్లు వచ్చి ఆమె నడుమునూ చుట్టుకున్నాయి.

యాకయ్య ఆమెను చూశాడు. చేతులు జోడించాడు. జోడించిన చేతులతోనే మెల్లగా నీళ్లలో కూర్చుండిపోయాడు. తల మునిగింది. బుడగలు వచ్చాయి. తర్వాత అవీ రాలేదు. పాస్టరుగారేమో నీళ్లు వదిలేసిపోయిన బురదలో ఎక్కడో కింద కూరుకుపోయి ఉన్నారు. ఎవరికీ కాలూ చెయ్యీ ఆడలేదు. అందరికంటే దగ్గర సమ్మమ్మే.

కదలకుండా ఉంటే చాలు, ఇన్నేళ్లుగా ఆమె కోరుకున్నదే జరిగిపోతుంది.

ఆమె చెయ్యి నీళ్లలోకి పోయింది. జుట్టు దొరికింది. పిడికిట పట్టి లాగింది.

"లేరా! సావనీకచ్చినవా ఈడికి? లే!"

యాకయ్య దగ్గుతూ పైకొచ్చాడు. ఏం చెయ్యాలో తోచని పాస్టరుగారు ఆ బురదలోంచే తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల పేరు చెప్పేశారు. నీళ్లు నెమ్మదిగా కట్ట దిగిపోయాయి.

పూలమ్మ వచ్చి, జుట్టులో బిగుసుకున్న ఆ వేళ్లను విప్పబోయింది.

"జర ఆగే," అంది సమ్మమ్మ. "ఊపిరి అందనీ వానికి."