ముంగో ఎవరి చెవి

ఎండుచేపను గోరంత ముక్కలుగా తుంచి లిగాయా నడుముకు కట్టుకున్న సంచిలో వేసుకుంటుంటే, అత్తగారు పురింగ్ వచ్చి ఎదురుగా నిలబడింది. ఎదురుగా నిలబడి పెదవులు కదిపితేనే కోడలికి మాట అందుతుందని ఇంట్లో అందరికీ తెలుసు.

"మనుషులకు లేని చేప కుక్కకా? కుక్క చదువులు కూడా చూశాను. ఇక నేను పోయినా ఫరవాలేదు."

లిగాయా నవ్వి సంచి మూతి ముడిచింది. ఇవాళ ముంగోకి పరీక్ష.

జ్వరంలో ఆమె చెవులు పోయిన మరుసటి ఏడు, పెరట్లో బట్టలు ఉతుకుతుండగా వంటింట్లో మంటలు లేచాయి. పొగ వస్తే మోగే గంట మోగుతూనే ఉందట. పొరుగువాళ్ళు గోడ దూకి వచ్చి ఆర్పారు. "ఇకమీదట ఒంటరిగా ఉండకు" అన్నాడు భర్త ఆర్నెల్. తోడుండడానికి మాత్రం ఎవరికీ తీరలేదు. అందుకే చర్చిలో పరిచయమైన, కుక్కలకు పనులు నేర్పే మారిసెల్ టీచర్ దగ్గర్నుంచి ఈ చిన్న కుక్కపిల్లను తెచ్చుకుని, పెసరగింజంత ఉందని, పెసలకు తమ భాషలో ఉన్న పేరే, ముంగో అని పెట్టుకుంది. గంట మోగితే వచ్చి ఆమె మోకాలి మీద కాలు వేయాలి, మోగే చోటికి తీసుకెళ్ళాలి. అదీ దాని చదువు.

ఎంత బాగా నేర్చుకుందో! జపమాల సగంలో ఉండగా వచ్చి మోకాలు తట్టేది. లేచి వెంట వెళితే ఆర్నెల్‌కి చల్లటి నీళ్ళు కావాలి. కంచం ముందు కూర్చోగానే తట్టేది. వెళితే అత్తగారి కాళ్ళకు నూనె రాయాలి, లేదా కూతురు జెసా యూనిఫాం ఇస్త్రీ చేయాలి. చెవులు పోయిన కొత్తలో, పిలవాలంటే ఎవరో ఒకరు లేచి ఆమె దగ్గరికి రావాల్సి వచ్చేది. ఇప్పుడు ఎవరూ లేవడం లేదని ఆమెకు తట్టనే లేదు. వీళ్ళు నన్ను పేరుపెట్టి పిలిస్తే కూడా పోల్చుకుంటోంది అనుకుని, మురిసిపోయి మరియమాత ముందు కొవ్వొత్తి వెలిగించింది.

టీచర్ వచ్చింది. లిగాయాను ముందుగదిలో కూర్చోబెట్టి, వంటింట్లోకి వెళ్ళి పొగ గంటను మోగేలా చేసి గుమ్మంలో నిలబడింది. ముంగో చెవులు నిక్కపొడుచుకుని లేచింది. లేచి, లిగాయాను దాటుకుని ఆర్నెల్ కుర్చీ దగ్గరికి పోయి, అతని మొహంలోకి చూస్తూ కూర్చుంది. ఆర్నెల్ పెదవులు బిగించి వదిలాడు. ముంగో గిరుక్కున తిరిగి, పరుగున వచ్చి లిగాయా మోకాలి మీద కాలు వేసింది.

"చూశారా, పాసైపోయింది!" జెసా చప్పట్లు కొట్టింది.

"ఇది దీనికి ఎవరు నేర్పారు?" అంది టీచర్.

"నేర్పేదేముంది టీచరమ్మా?" అన్నాడు ఆర్నెల్. "రోడ్డు మీద జీప్నీ బండిని ఆపినా, హోటల్లో పిల్లాణ్ణి పిలిచినా మనం చేసేదే కదా! 'ప్స్‌స్ట్' అని ఓ చేపముక్క పడేస్తే చాలు, ఎక్కడున్నా ఆవిడగారిని పట్టుకొచ్చేస్తుంది. మేమూ మా వంతు సాయం చేశాం."

"నాన్నయితే కుర్చీలోంచి కదలనే కదలరు" అని జెసా నవ్వింది. పురింగ్ కూడా నవ్వింది.

టీచర్ వచ్చి లిగాయాకు ఎదురుగా కూర్చుంది. "గంట ఇంకా మోగుతోందమ్మా. ముంగో నీ కోసం రాలేదు. చేప దొరికే చోటికి పోయింది. రేపు నిజంగా నిప్పంటుకున్నా ఇంతే."

లిగాయా భర్త పెదవులకేసి చూసింది. ఇప్పుడేమంటాడు?

"అయితే మళ్ళీ నేర్పుదాం, దానికేం. కానీ పిలుచుకొచ్చే పని మాత్రం మరిపించకండి టీచరమ్మా, భలే పనికొస్తోంది."

ఆమె మరియమాత బొమ్మవైపు తిరిగింది. తల్లీ, నీ ముందు మోకరిల్లినప్పుడు నన్ను తట్టి లేపింది ఇదా? నా చెవి అనుకుని పెంచాను. నా మెడకే తాడు పేనుకున్నానా? ఇంటికి చేసే సేవ నీకు చేసినట్టేనని ఫాదర్ చెప్తే ఇన్నేళ్ళూ నమ్మాను. నేను కాలిపోతున్నా వీళ్ళకు మంచినీళ్ళు అందాలని నువ్వు కూడా అంటావా? కోపంతో కాదు, తెలియక అడుగుతున్నాను.

"గంట చదువు మళ్ళీ మొదటి నుంచి చెప్పండి టీచర్" అంది పైకి. "ముందు ఈ పిలుపు మాన్పించాలి. అది నేను చూసుకుంటాను."

ఆ సాయంత్రం సంచీ నడుముకు బిగించుకుని, జపమాల తీసి మోకరిల్లింది. పక్కన ముంగో. కాసేపటికి దాని చెవులు ముందుగది వైపు లేచాయి. ఎవరో పిలుస్తున్నారు. ముంగో కాలెత్తింది. లిగాయా అరచేతిని నేలకు ఆనించింది. అది ఆమె చేతినీ, గుమ్మాన్నీ మార్చి మార్చి చూసి, మెల్లగా పడుకుంది. ఆమె దాని నోటికి చేపముక్క అందించింది.

ఆ చెవులు మళ్ళీ లేచాయి. మళ్ళీ లేచాయి. లిగాయా తర్వాతి పూస పట్టుకుంది.