వేరు మిగిలిన కలుపు

బాన్సువాడ దగ్గర కాలువ కింద వ్యవసాయం చేసుకునే సుబ్బరత్నమ్మ ఇంట్లో ఒక రేకు బిస్కెట్ల డబ్బా ఉండేది. అందులో బిస్కెట్లు మాత్రం ఏనాడూ లేవు. డాక్టరు జ్వరానికి ఏడు రోజుల మాత్రలు రాస్తాడు. మూడో రోజుకే జ్వరం దిగుతుంది. మిగిలినవి ఆ డబ్బాలో చేరతాయి. పారేయడానికి చేతులొస్తాయా? చిరిగిన చీరనే పారేయలేని జాతి మన ఇల్లాళ్ళది.

లంబాడీ తండా నుంచి కలుపు తీయడానికి వచ్చేవాళ్ళలో మోతీబాయి పెద్దది. అరవై దాటాయి. బురదలో దిగితే సాయంత్రం దాకా నీళ్ళు ముట్టేది కాదు. తాగితే గట్టెక్కి చాటు వెతుక్కోవాలి కదా! అందుకే మూత్రంలో మంట, చలిజ్వరం ఆమెకు చుట్టాల్లా వచ్చిపోతుండేవి.

“అమ్మా, మల్ల మంట మొదలైంది. గా ఎర్రగోలీలు ఇయ్యరాదు?”

“నీ పుణ్యమా అని నేను డాక్టర్నైపోయానే! ఇంద, రెండేసుకో. తగ్గిపోద్ది.”

“ఫీజెంత?”

“గట్టు పక్క మడిలో కలుపు వేళ్ళతో సహా పీకు. తలలు తెంపితే వారానికల్లా ముదిరి లేస్తుంది.”

“నాకే చెప్తున్నవా? నా చేతుల వేరు మిగిలిందా ఎన్నడన్న?”

నిజమే, మిగిలేది కాదు.

నాలుగేళ్ళు ఇలాగే గడిచాయి. మంట తగ్గేది, మళ్ళీ వచ్చేది. తగ్గినప్పుడల్లా సుబ్బరత్నమ్మ హస్తవాసికి పేరొచ్చేది. తిరిగి వచ్చినప్పుడు తప్పు ఎండది.

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది వానాకాలంలో ఆ రెండు మాత్రలకూ తగ్గలేదు. మర్నాడు ఇంకో రెండిచ్చినా తగ్గలేదు. మూడో రోజు కోడలు జమ్లి పరుగున వచ్చింది.

“అత్త ఏందేందో మాట్లాడుతుందమ్మా. నన్ను గుర్తు పడ్తలేదు.”

బండి కట్టించి బాన్సువాడ దవాఖానకు చేర్చారు. విషక్రిములు రక్తంలోకి ఎక్కాయన్నాడు డాక్టరు. ఇంజెక్షన్లు మొదలుపెట్టి, రక్తాన్ని పరీక్షకు పట్నం పంపాడు. ఇంతకుముందు ఏం వాడారని అడిగితే, సుబ్బరత్నమ్మ సంచిలోంచి డబ్బా తీసి, కాస్త గర్వంగానే మూత తెరిచింది.

డాక్టరు అందులోని మాత్రలను వేలితో కదిపి చూశాడు. “ఎన్నేసి ఇచ్చేవారు?”

“రెండేసి.”

నాలుగో రోజు రిపోర్టు వచ్చింది. వాడుతున్న మందుకు ఆ క్రిమి లొంగదట. మందు మార్చారు. కాని ముసలి ఒంట్లో ఓపిక అప్పటికే అయిపోయింది. మధ్యాహ్నం ఒక్కసారి మోతీబాయికి తెలివొచ్చింది.

“అమ్మా, గట్టు పక్క మడి అయిందా?”

“అయింది మోతీబాయీ,” అంది సుబ్బరత్నమ్మ. కాలేదు.

పొద్దు వాలకముందే మోతీబాయి పోయింది.

వరండాలో డాక్టరు మెల్లగా చెప్పాడు. “రెండు మాత్రలకు బలహీనమైన క్రిములే చచ్చాయమ్మా. మొండివి మిగిలి, అవే పెరిగాయి.”

“తలలు తెంపి వేరు వదిలేశాను,” అంది సుబ్బరత్నమ్మ. డాక్టరుకు అర్థమైందో లేదో గాని, జమ్లి మాత్రం కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇప్పుడా గట్టు మీద మంచినీళ్ళ కుండ ఉంది, తాటాకుల చాటు ఉంది. ఎవరికి జ్వరమొచ్చినా సుబ్బరత్నమ్మే బాన్సువాడ బస్సెక్కిస్తుంది. ఆ డబ్బా మాత్రం లేదు.

తల్లులారా, డాక్టరు రాసిన మాత్రలు చివరిదాకా మింగండి, మిగిల్చి ఎవరికీ పంచకండి. ఎంత దయతో ఇచ్చినా సగం మందు పూర్తి కీడు.