అంచు గీసిన కార్డు

దివిసీమలో నాగాయలంక అవతల, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊళ్ళో హయ్యర్ ఎలిమెంటరీ స్కూలు మాస్టరుగా చేరిన ఏడాదే నేను పిల్లల ఇళ్ళకు నెలనెలా చీటీలు పంపడం మొదలుపెట్టాను. నన్నెవరూ పంపమనలేదు. మా నాన్న ఏసుపాదం పమిడిముక్కల దగ్గర పొలాల్లో కూలిపని చేసి బతికినవాడు. నేను బందరు హాస్టల్లో ఉండి చదివినన్నాళ్ళూ, నేనేం నేర్చుకుంటున్నానో ఆయనకు ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు. సెలవులకు వెళ్తే "బాగా చదూతున్నావా?" అనేవాడు. "ఆఁ" అనేవాణ్ణి. అంతటితో సరి. బి.ఏ. ప్యాసయ్యానని చెప్పిన రోజున "అంటే ఇంక అయిపోయినట్టేనా నాన్నా?" అని అడిగాడు. ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. నా దగ్గర చదివే పిల్లల తల్లిదండ్రులు అలా అడగకూడదనుకున్నాను.

మా హెడ్మాస్టరు రామబ్రహ్మం గారికి ఇదంతా వేడుకగా ఉండేది.

"ఏమయ్యా నతానియేలూ, వేలిముద్రలవాళ్ళకి ఉత్తరాలు రాసే బి.ఏ.ని నిన్నే చూశానయ్యా."

"పిల్లలే చదివి వినిపిస్తారండి."

"ఆహా. తన సంగతి తనే చదివేవాడు సున్నాకి ముందు ఒకటి పెట్టి చదవడంటావా?"

ఆయన అన్నదీ నిజమే. అందుకని చీటీలు పంపిన వారంలో నేనే ఒక సాయంత్రం బయల్దేరి, ఊరికి రెండు మైళ్ళ దూరంలో ఉన్న పాలేనికి వెళ్ళేవాణ్ణి. పాలెం అంటే సముద్రం మీద వేటకు వెళ్ళేవాళ్ళ గుడిసెలు. అక్కణ్ణుంచి బడికి వచ్చేవాళ్ళే తక్కువ. ఎనిమిదో తరగతి దాకా వచ్చిన ఆడపిల్ల ఝాన్సీలక్ష్మి ఒక్కతే.

ఆ పిల్ల తల్లి పేరు తాతమ్మ. పేరు అలా ఉంది గాని ఆవిడకు ముప్ఫై అయిదేళ్ళు మించవు. చేపల గంప నెత్తిన పెట్టుకుని రోజూ నాలుగూళ్ళు తిరిగేది. నేను మొదటిసారి పంపిన చీటీలో మార్కులు మాత్రమే వేశాను. నేను వెళ్ళేసరికి ఆవిడ ఆ చీటీ పట్టుకుని గుమ్మంలోనే ఉంది.

"మాస్టారూ, లెక్కల్లో అరవై రెండని చదివింది మా పిల్ల. అరవై రెండు ఏంటండి?"

"నూటికి అరవై రెండు మార్కులక్కా."

"అది సరేనండి. ఆ అరవై రెండులో దానికేం వచ్చు, ఏం రాదు? మార్కులు నాకేం తెలుస్తయి. ఏం నేర్చుకుందో రాయండి. నేను గంప మోసుకుంటా తలుచుకుంటాను."

అప్పట్నుంచి నా చీటీలు మారాయి. ఒక్క ఆవిడకే కాదు, అందరికీ అలాగే రాశాను. "ఈ నెల ఝాన్సీలక్ష్మి నూటికి ఇంత అని లెక్క కట్టడం నేర్చుకుంది. దేశపటంలో మన తీరం గుర్తించగలదు. చంద్రుడి వల్ల సముద్రానికి పోటు ఎలా వస్తుందో చెప్పగలదు. ఒత్తులు ఇంకా తప్పుతున్నాయి." ఈ చీటీ విని తాతమ్మ నవ్వింది.

"పోటు సంగతికి బడి దాకా ఎందుకే, మీ నాన్ననడిగితే చెప్పడా?"

పక్కన వల బాగుచేసుకుంటున్న ఆమె భర్త ధనరాజు తలెత్తకుండానే అన్నాడు. "ఎప్పుడొస్తదో నాకు తెల్సు. ఎందుకొస్తదో దాన్ని చెప్పనియ్యి."

ఆ పిల్ల నేల మీద గీతలు గీసి చెప్పింది. ధనరాజు వల పక్కన పెట్టి విన్నాడు.

తాతమ్మ ప్రతి చీటీకీ నాలుగు మూలలా పసుపు రాసి, ఇంట్లో దేవుడి పటం పైన తాటాకు సందున దోపేది. "మంచి కబురొచ్చిన కాగితం గదండి," అంది ఒకసారి, నేను చూస్తుంటే. పెళ్ళి శుభలేఖకు రాసినట్టు నా చీటీకి పసుపు రాయడం నాకు గర్వంగా అనిపించింది. అంతకుమించి ఆలోచించలేదు.

అరవై ఒకటో సంవత్సరం మార్చిలో, పెద్ద పరీక్షకు ముందు, ఝాన్సీ తల్లిదండ్రులిద్దరితో మాట్లాడాను. తొమ్మిదో తరగతికి ఆ చుట్టుపక్కల ఆడపిల్ల ఉండి చదువుకునే వీల్లేదు. బందరులో నాకు తెలిసిన బాలికల హాస్టలుంది. సీటు దొరికితే పంపిస్తారా అని అడిగాను.

ధనరాజు భార్య వైపు చూశాడు. తాతమ్మే జవాబు చెప్పింది.

"సీటు దొరికిందని మీరు కబురు చేస్తే తెల్లారేసరికి దాన్ని బస్సెక్కిస్తానండి. కబురు రాకపోతే నాతోపాటు గంపెత్తుకుంటది. ఇంట్లో ఊరికే కూచోబెట్టుకోలేనుగా."

"దొరుకుతుందక్కా. నేను కబురు చేస్తాను," అన్నాను.

ఝాన్సీలక్ష్మి పరీక్ష ప్యాసయింది. వేసవి సెలవుల్లో బందరు వెళ్ళి హాస్టలు మేట్రను భాగ్యమ్మ గారిని కలిశాను. ఒక్క సీటుంది. జూన్ అయిదో తారీఖు లోపు తల్లో తండ్రో పిల్లను తీసుకొచ్చి చేర్పించాలి, లేకపోతే పెడన నుంచి ఇంకో అమ్మాయి అడుగుతోంది అన్నారు. నేనే పాలెం వెళ్ళి చెప్పవలసిన సంగతి. కానీ ఆ వారమే మా నాన్నకు జ్వరం ముదిరి గుడివాడ ఆస్పత్రిలో పడుకోబెట్టాం. నాన్నను చూసుకోవడం అమ్మ ఒక్కదాని వల్ల కాదు. అందుకని కార్డు రాశాను.

ఆ కార్డు రాసిన తీరు ఇప్పటికీ నాకు కళ్ళకు కట్టినట్టుంది. ఆస్పత్రి వరండాలో కూర్చుని, కాంపౌండరుని అడిగి సిరా బుడ్డి తెచ్చుకుని, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. అది నల్లసిరా. రాశాక, ఇది మామూలు నెల చీటీ లాంటిది కాదని చూడగానే తెలియాలనిపించింది. కాలేజీలో గౌరవపత్రాలకు అంచులుండేవి. అట్ట ముక్క ఆనించి కార్డు నాలుగువైపులా మందంగా నల్లటి గీత గీశాను. ఆరబెట్టి చూసుకుంటే అందంగా ఉంది. అది పోస్టు డబ్బాలో వేసి వచ్చి, మా నాన్నకు గంజి పట్టాను.

మే నెలాఖరున గాలివాన వచ్చింది. నాన్న కోలుకున్నాడు. జూన్ మధ్యలో బడి తెరిచే రోజున నేను బస్సు దిగి ఊళ్ళోకి నడుస్తుంటే, ఎదురుగా చేపల గంప నెత్తిన పెట్టుకుని ఝాన్సీలక్ష్మి వస్తోంది. నన్ను చూసి ఆగింది. గంపతో ఉన్నందుకు సిగ్గుపడింది.

"నువ్వు బందరు వెళ్ళలేదా?"

"కబురు రాలేదు గదండి. సీటు లేదనుకున్నాం."

"కార్డు రాశానే."

"రాలేదండి మాస్టారూ."

నేను బడికి వెళ్ళకుండా నేరుగా పోస్టు వెంకటపతి ఇంటికి వెళ్ళాను. కార్డు సంగతి అడిగాను.

"ఆ కార్డు మీరు రాసిందాండి?" అన్నాడు. "గాలివాన వెలిసిన రెండోరోజు వచ్చిందండి. ధనరాజు పడవ అప్పటికింకా రాలేదు. అంచులు చూసి నేనే చదవలేదు. అట్టాంటి కార్డు ఎవరు చదివి వినిపిస్తారండి? అయినా ఉద్యోగం గదా, చదవనా తాతమ్మా అన్నాను. వద్దని చేతిలోంచి లాక్కుంది. అరుపూ లేదు, ఏడుపూ లేదు. నేను వచ్చేశాను."

చావు కబురు రాసే కార్డుకు నల్ల అంచు గీస్తారు. అది గుమ్మం దాటి లోపలికి తీసుకెళ్ళరు, బయటే చదివి చింపేస్తారు. ఈ మాట నాకు వెంకటపతి చెప్పవలసి వచ్చింది.

నేను వెళ్ళేసరికి ధనరాజు గుడిసె ముందు కూర్చుని ఉన్నాడు. గాలికి పడవ నిజాంపట్నం వైపు కొట్టుకుపోయి, విరిగి, ఏదో దిబ్బకు చేరి, పదహారు రోజుల తర్వాత కాలినడకన వచ్చాడట. వచ్చి రెండు రోజులైంది. తాతమ్మ నాకు పీట వేసింది. ఝాన్సీలక్ష్మి కూడా అప్పుడే గంప దించి వచ్చింది.

"నేను రాసిన కార్డు ఏదక్కా?"

ఆవిడ నా మొహం చూసింది. గుడిసె పక్కకు వెళ్ళి, వాన నీళ్ళు కారే చూరు కింద, తాటాకుల్లో చెయ్యి పెట్టి ఒక గుడ్డమూట తీసింది. విప్పింది. కార్డు నలగలేదు. నల్ల గీత కొంచెం చెదిరింది, అంతే.

"మీరు రాశారా ఇది?" అంది.

"ఎవరిచేతా చదివించలేదా?"

"ఎవరిచేత చదివించను? పిల్లకి చదువొచ్చు, నిజమే. దాని చేత దాని తండ్రి చావు చదివించుకుంటానా?" ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. "చదివించుకుంటే ఆయన పోయినట్టే. చదివించుకోకపోతే ఇంకా పోలేదు. రోజూ గంపెత్తుకునే ముందు అది ఉందో లేదో తడిమి చూసుకునేదాన్ని. మొన్న ఈయనొచ్చాడు. మరైతే ఇది ఎవరిదని మళ్ళీ భయం. మా తమ్ముడు కాకినాడలో ఉన్నాడండి."

ధనరాజుకు ఈ సంగతి అప్పుడే తెలిసినట్టుంది. భార్య వైపు తిరిగాడు.

నేను కార్డు అందుకుని చదవబోయాను. చేతకాలేదు. ఝాన్సీలక్ష్మి నా చేతిలోంచి తీసుకుని, నెల చీటీలు చదివినట్టే, నిలబడి చదివింది.

"తాతమ్మ గారికి నమస్కారములు. మీ అమ్మాయికి బందరు హాస్టలులో సీటు దొరికినది. జూన్ అయిదవ తారీఖు లోపల మీరుగాని ధనరాజు గారుగాని తీసుకొని వచ్చి చేర్పించవలెను. ఆలస్యమైనచో సీటు ఇంకొకరికి ఇత్తురు. అమ్మాయి ఈ సంవత్సరము ఒత్తులు కూడా తప్పు లేకుండా రాయుట నేర్చుకున్నది."

చివరి వాక్యం దగ్గర ఆ పిల్ల ఆగింది. మళ్ళీ చదివింది.

తాతమ్మ వేళ్ళు మడిచి లెక్క పెట్టుకుంది. "అయిదు ఎప్పుడో పోయింది గదండి."

"పోయిందక్కా."

"చావు కబురు కాదన్నమాట."

"కాదు."

"మరి ఈ నలుపేందండి?"

"ముఖ్యమైన సంగతని తెలియాలని గీశాను."

"తెలిసింది మాస్టారూ," అంది. అందులో దెప్పిపొడుపు లేదు. ఉంటే బాగుండేది.

మర్నాడే బందరు వెళ్ళాను. "అయిదు దాటాక కూడా మూడు రోజులు చూశానయ్యా. ఆ పెడన పిల్ల తండ్రి రోజూ వచ్చి కూర్చున్నాడు. చేర్చుకోక ఏం చెయ్యను?" అన్నారు భాగ్యమ్మ గారు. సీటు పొందిన ఆ అమ్మాయి వరండాలో కూర్చుని పుస్తకానికి అట్ట వేసుకుంటోంది. వచ్చే ఏడు చూద్దామన్నారు. వచ్చే ఏటి మాట నేను పాలెంలో చెప్పాను గాని, ధనరాజు పడవ విరిగిపోయింది, ఇంకొకరి పడవ మీద వెళ్తున్నాడు. తాతమ్మ ఒక్క గంపతో ఆ ఇల్లు నడవదు. వాళ్ళు నన్ను కాదనలేదు. "చూద్దాంలెండి" అన్నారు.

ఒక ఆదివారం ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మకు చెప్పాను. మా అమ్మ ప్రేమమ్మ బియ్యం చెరుగుతూ వింది.

"నాలుగువైపులా నలుపు గీశావా? మీ తాత పోయినప్పుడు వచ్చిన కార్డు గుర్తులేదా నాన్నా?" అంది. అని, తనే తల ఊపింది. "ఎట్టా గుర్తుంటదిలే. అప్పటికే నిన్ను హాస్టల్లో వేశాం. పరీక్షలని నీకు కబురు చెయ్యలేదు."

అమ్మ నన్ను ఓదార్చడానికే ఆ మాట అంది.

జులై మొదటి వారంలో చీటీలు రాశాను. రాయకూడదనే అనుకున్నాను. కానీ రామబ్రహ్మం గారు, ఎన్నడూ లేనిది, తనే కాగితాలు కోయించి నా బల్ల మీద పెట్టారు. ఈసారి చీటీలు పిల్లల చేతికివ్వలేదు, పోస్టులోనూ వెయ్యలేదు. ప్రతి గుమ్మంలోనూ నిలబడి నేనే చదివాను.

పాలెం నుంచి తిరిగి వస్తుంటే కాలవ గట్టు మీద తల్లీ కూతుళ్ళు ఎదురుపడ్డారు. ఇద్దరి నెత్తినా గంపలున్నాయి. తాతమ్మ ఆగింది.

"ఈ నెల మాకు చీటీ లేదాండి?"

"ఝాన్సీ బళ్ళో లేదు గదక్కా. ఏం రాయను?"

"గంప మోస్తందని రాయొద్దు. అది నాకు కనపడతానే ఉంది. నేర్చుకున్నది మర్చిపోలేదని రాయండి."

పరీక్షించకుండా నేను ఏ చీటీలోనూ ఏదీ రాయలేదు. ఆ పిల్లను అడిగాను. "నూట ఇరవై చేపల్లో నూటికి పదిహేను పాడైతే ఎన్ని మిగులుతాయి?"

గంప అలాగే నెత్తిన ఉంది. ఒక చెయ్యి పైకి పెట్టి పట్టుకుని, రెండో చేతి వేళ్ళు కదిలించింది.

"నూట రెండండి. కానీ మాస్టారూ, ఈ ఎండకి పదిహేనుతో ఆగవండి."

తాతమ్మ నవ్వింది. నేను సంచిలోంచి కాగితం తీసి, మోకాలి మీద పెట్టుకుని రాశాను. ఝాన్సీలక్ష్మి నూటికి ఇంత అన్న లెక్క మరచిపోలేదు. అంతే రాశాను. చదివి వినిపించి ఇచ్చాను.

తాతమ్మ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, నాలుగు అంచులూ చూసి, రొంటిన దోపుకుంది.