కోడలి మాట, అత్తగారి నోట

ఆ ఇంట్లో వంటగది ఒకటే అయినా పెత్తనాలు రెండు. పొద్దున వంట అత్తగారిది, రాత్రి వంట కోడలిది. పొద్దున వంటకు కోడలు వంక పెట్టేది, రాత్రి వంటకు అత్తగారు వంక పెట్టేది. మధ్యలో అబ్బాయి ఏది పెడితే అది తిని, ఎవరి వైపూ చూడకుండా చెయ్యి కడుక్కుని లేచిపోయేవాడు. అతను ఎలక్ట్రీషియన్. ఏ తీగకు ఏ తీగ తగిలితే నిప్పురవ్వలు లేస్తాయో బాగా తెలిసినవాడు.

కోడలు సిటీ బస్సులో కండక్టరు. ఆమె "ముందుకు జరగాలి, ముందుకు!" అని అరిస్తే వెనకాల బస్సులో వాళ్ళు కూడా జరుగుతారని డిపోలో చెప్పుకుని నవ్వేవారు. కంచు అని ముద్దుపేరు కూడా పెట్టారు. అత్తగారి లోకమంతా పెరట్లోనే ఉండేది. చిక్కుడు తీగలు, పాలకూర మడి, గుమ్మడి పాదు, గోడ వారగా టమాటా మొక్కలు. బజారులో కూరలు కొనడమంటే ఆవిడకు మహా నామోషీ.

ఒకరోజు మధ్యాహ్నం బస్సుకు కుక్క అడ్డం వచ్చింది. డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. టికెట్లు ఇస్తున్న కోడలు ముందుకు తూలి, సీటు వెనక ఇనుప కడ్డీకి గడ్డం కొట్టుకుని పడిపోయింది. దవడ ఎముక విరిగింది. డాక్టరు పై పళ్ళనూ కింది పళ్ళనూ సన్నటి తీగలతో కలిపి బిగించేశాడు. ఎముక అతికేదాకా, అంటే నెలా పదిహేను రోజుల పాటు, నోరు తెరవకూడదన్నాడు. ఏం తీసుకున్నా తాగడమే. మాట్లాడబోతే దవడంతా సలపరించేది.

ఇంటికి తీసుకొచ్చిన రోజు అబ్బాయి మందుల షాపులో పొడి డబ్బా ఒకటి కొన్నాడు. నీళ్ళలో కలిపి ఇస్తే, కోడలు గొట్టంతో రెండు గుక్కలు పీల్చి గ్లాసు పక్కన పెట్టేసింది. అత్తగారు ఆ గ్లాసు అందుకుని వాసన చూసింది.

"ఇదేంట్రా, గోడలకి వేసే సున్నంలా ఉంది! మనిషి తాగేదేనా?"

"డాక్టరు చెప్పిందేనమ్మా. బలం ఉంటుందట."

"బలం మన పెరట్లో లేదా? లే, అవతలికి జరుగు."

ఆవిడ బుట్ట పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. ముదురు చిక్కుళ్ళు వలిచి గింజలు తీసింది. గుప్పెడు పాలకూర, ఒక గుమ్మడి ముక్క, రెండు వెల్లుల్లి రెబ్బలు వేసి మెత్తగా ఉడికించి, మెదిపి, పలచగా చేసి గ్లాసులో పోసి ఇచ్చింది. కోడలు గొట్టం పెదవుల మధ్య పెట్టుకుని పీల్చింది. బుగ్గలు లోపలికి పోయాయి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. గొట్టంలోంచి ఏమీ రాలేదు.

"ఏమైందే? చెప్పవేం?" అంది అత్తగారు.

కోడలు తీగలు బిగించిన పళ్ళ వైపు వేలు చూపించింది.

"నా మతి మండా! నీ నోరు కట్టేశారు కదూ." అత్తగారు గొట్టం తీసి చూస్తే చివర గింజ తొక్క అడ్డుపడి ఉంది. పలచటి నూలు బట్ట తెచ్చి, అంతా వడకట్టి మళ్ళీ ఇచ్చింది. ఈసారి గ్లాసు ఖాళీ అయింది. కోడలు గొట్టంతో గ్లాసు అడుగు కూడా గీకింది.

తిండి సంగతి ఒక దారిన పడింది గానీ, ఇల్లు మూగబోయింది. అత్తగారు ఏమన్నా ఎదురు మాట లేదు. వంక పెట్టేవాళ్ళు లేకపోయేసరికి ఆవిడకు పొయ్యి దగ్గర కాలు నిలవలేదు. కొద్దిరోజులు ఓపిక పట్టి, ఇక ఉండబట్టలేక ఒక పొద్దున, గరిటె తిప్పుతూ, రెండు వైపుల మాటలూ తానే అనడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు నీకు నోరుంటే ఏమంటావో నాకు తెలీదూ? 'అత్తయ్యా, వెల్లుల్లి మాడ్చేశారు' అంటావు. మాడలేదమ్మా, ఎర్రగా వేగింది, అంతే. 'ఎర్రగా కాదు నల్లగా ఉంది, కళ్ళజోడు పెట్టుకుని చూడండీ' అంటావు."

చివరి మాటను అచ్చం కోడలిలాగే సాగదీసి, నిజంగానే కళ్ళజోడు పెట్టుకుని గిన్నెలోకి తొంగిచూసింది. వెల్లుల్లి మాడింది.

"సర్లే, మాడింది" అని తీసి పారేసింది.

గుమ్మం దగ్గర కూర్చున్న కోడలికి నవ్వు ఆగలేదు. నవ్వితే నొప్పి. రెండు చేతులతో దవడ పట్టుకుని, భుజాలు అదిరేలా నవ్వింది. అత్తగారు చూసీ చూడనట్టు అటు తిరిగింది గానీ, మర్నాటి నుంచి ఆ పోట్లాట రోజూ సాగింది. ప్రతిసారీ కోడలే గెలిచేది.

వింటున్నకొద్దీ కోడలికి ఆశ్చర్యం వేసేది. అవన్నీ తన మాటలే. తను ఏ మాట ఎక్కడ విరుస్తుందో, కోపం వస్తే ఏ మాట ముందు వస్తుందో అన్నీ ఆవిడకు తెలుసు. ఇన్నేళ్ళూ ఈవిడ తన మాటలు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తోందనే అనుకుంది.

ఒకరోజు అత్తగారు ఉడికిన గింజల గిన్నె ఒళ్ళో పెట్టుకుని వసారాలో కూర్చుంది. ఒక్కొక్క గింజనూ వేళ్ళ మధ్య నొక్కి, తొక్క విడదీసి, పచ్చటి పప్పును వేరే పళ్ళెంలో వేస్తోంది.

"'అత్తయ్యా, మా అమ్మ చిక్కుడు గింజలకి పైతొక్క తీసి వండేది. వెన్నలా ఉండేవి' అని పెళ్ళైన కొత్తలో ఒకసారి అన్నావు" అంది తల ఎత్తకుండానే. "ఒక్కసారే అన్నావులే. ఇన్నింటికి తొక్కలు తీసే ఓపిక ఎవరికుందని నేను కసిరాను. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు."

కోడలి తల్లి ఆ పెళ్ళి జరిగిన ఏడాదిలోనే పోయింది. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. కోడలు వచ్చి ఎదురుగా చతికిలబడి, గిన్నెలో చెయ్యి పెట్టి తానూ తొక్కలు తీయసాగింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు, ఎండ మొహాన పడుతున్న వేళ, కిటికీలోంచి చూస్తున్న కోడలికి చిక్కుడు పందిరి కింద అత్తగారు వాలిపోవడం కనిపించింది. కేక వేయబోయింది. గొంతులో మూలుగు తప్ప మాట రాలేదు. పరిగెత్తి, ఆవిడ తల ఒళ్ళోకి తీసుకుని, మొక్కలకు పోసే చెంబులో నీళ్ళు మొహాన చల్లింది. అత్తగారు కళ్ళు తెరిచి, "ఏం లేదు, ఎండ" అంది.

గోడ మీంచి చూసిన పక్కింటివాళ్ళు ఫోను చేస్తే అబ్బాయి పని వదిలేసి వచ్చాడు.

"పొద్దున ఏం తిన్నావమ్మా?"

"తాగాను."

"ఏం తాగావు?"

"దానికి ఇచ్చిందే."

"నిన్న?"

"అది గొట్టం పెట్టుకుని కూర్చుంటే, ఎదురుగా నేను నములుతుంటే ముద్ద దిగట్లేదురా" అంది గోడకేసి చూస్తూ.

అబ్బాయి ఏదో అనబోయాడు. కోడలు అప్పటికే వంటగదిలోకి వెళ్ళిపోయింది. బంగాళదుంపలూ చిక్కుడు గింజలూ ఉడకేసింది. ఉల్లిపాయలు వేయించి అందులో పాలకూర వేసింది. నాలుక మీద వేసుకుని చూసే వీల్లేదు కాబట్టి గిన్నె మీదికి వంగి ఆవిరి వాసన పట్టింది. కంచంలో వేడివేడిగా పెట్టి తెచ్చి, అత్తగారి ముందు పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"నీ ఎదురుగానా? వద్దులే, తర్వాత తింటా."

కోడలు బిగించిన పళ్ళ మధ్య నుంచి, నొప్పికి కనుబొమలు ముడిపడుతుండగా, ఒక్క మాట తోసింది.

"తినండి."

మూసిన తలుపు వెనక నుంచి ఎవరో అన్నట్టుంది. అయినా అది కోడలి గొంతే. అత్తగారు గబగబా ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

"ఉప్పు..." అని ఆగింది.

కోడలు కళ్ళెగరేసింది.

"తక్కువైంది. రుచి చూడకుండా చేశావు కదా, నీ తప్పేం లేదు."

కోడలు ఉప్పు డబ్బా తెచ్చి చేతిలో పెట్టింది. ఆ పూట నుంచి పెత్తనాలు రెండూ పోయాయి. వాసన చూడడం కోడలి పని, రుచి చూడడం అత్తగారి పని. ఒకరు నములుతుంటే ఒకరు పీలుస్తూ ఎదురెదురుగా కూర్చునేవారు.

తీగలు విప్పిన రోజు నోరు వేలెడంతే తెరుచుకుంది. మెల్లగా దారికి వస్తుంది, మెత్తటివే తినండి అన్నాడు డాక్టరు. ఇంటికి వచ్చేసరికి అత్తగారు తొక్క తీసిన గింజలు, మెదిపిన గుమ్మడికాయ, నలిపితే కరిగేలా ఉడికిన ఆకుకూర సిద్ధం చేసి కూర్చుంది. అబ్బాయి ఆ పూటకు పనికి పోలేదు.

కోడలు చెంచా చివర ఒక గింజ పెట్టుకుని నోట్లో వేసుకుంది. నమలడం ఎలాగో మరిచిపోయినట్టు నాలుకతో అంగిలికి అదిమి పట్టుకుని ఉండిపోయింది. తల్లీ కొడుకులిద్దరూ ఊపిరి బిగబట్టి ఆమె నోటి వైపే చూస్తున్నారు.

"అలా కళ్ళప్పగించి చూస్తే ఎలా తినేది? అటు తిరగండి, ఇద్దరూ" అంది. గొంతు బొంగురుపోయి, చిన్నగా వచ్చింది.

ఇద్దరూ తిరిగారు. అబ్బాయి గోడ వైపు, అత్తగారు కిటికీ వైపు. వెనకాల చెంచా కంచానికి తగులుతున్న చప్పుడు నిదానంగా, చాలాసేపు వినిపించింది. మధ్యలో ఒకసారి ఆగిపోయింది. మళ్ళీ మొదలైంది.

"ఇంకాస్త పెట్టనా?" అంది అత్తగారు, తల తిప్పకుండానే.

"పెట్టండి."

ఆవిడ మణికట్టుతో కళ్ళు తుడుచుకుని, ఇటు తిరిగి గిన్నె అందుకుంది.