రుత్విక కళ్లకు కట్టిన తరగతి గది

నేను ఒక వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్‌ను, కళ్లకు అడ్డంగా కట్టుకునే నల్లటి పెట్టెను. నన్ను తగిలించుకున్నవాళ్లకు ఎదురుగా ఉన్న గోడ కనిపించదు, నాలోని లోకం కనిపిస్తుంది. ఎక్కడో ఫ్యాక్టరీలో ఆటల కోసం పుట్టాను. హనుమకొండలోని ఒక పిల్లల క్లినిక్ నన్ను కొని, ఆటలు తీసేసి, నాలో ఒక తరగతి గదిని పెట్టింది. నాలోని టీచరు చెప్పిన అక్షరం నల్లబల్ల మీద కనబడగానే పిల్లలు చేతిలోని మీట నొక్కాలి. ఈలోగా కిటికీ అవతల పిట్ట అరుస్తుంది, వెనక ఎవరో పెన్సిలు పడేస్తారు. తల ఎటు తిరిగిందో నేను గుర్తుపెట్టుకుంటాను. మనసు నిలవని పిల్లల్ని దండించడానికి మనుషుల దగ్గర బోలెడు నిజం గదులున్నాయి. ఓపిగ్గా నేర్పడానికి మాత్రం నిజంగా లేని గది ఒకటి కావలసి వచ్చింది.

రుత్వికకు ఎనిమిదేళ్లు. వాళ్ల నాన్న సమ్మయ్య, ఆమె చదివే స్కూల్లోనే వ్యాను నడిపేవాడు. పిల్ల కుదురుగా కూర్చోకపోతే టీసీ ఇచ్చేస్తామని స్కూలువాళ్లు చెబితే భయపడి క్లినిక్‌కు తీసుకొచ్చాడు. మొదట్లో ఆమె తల నాలో గిరగిరా తిరిగేది. థెరపిస్టు ప్రసూన పక్కనే కూర్చుని, కాసేపటికే నన్ను విప్పేసి, ఎక్కడ మనసు జారిందో ఆమెనే అడిగేది. ఇంట్లో ఎలా చదివించాలో సమ్మయ్యకు చెప్పేది. నెలలు గడిచాక, బిడ్డ లెక్క మధ్యలో వదలకుండా పూర్తిచేసిందని సమ్మయ్య ప్రసూనకు రెండుసార్లు చెప్పడం విన్నాను.

ఆ సంగతి స్కూలు కరస్పాండెంటు నరహరి చెవిన పడింది. క్లినిక్‌కు కొత్త హెడ్‌సెట్లు రావడంతో నన్ను ఆయన కొనుక్కున్నాడు. గేటు దగ్గర నా బొమ్మతో ఫ్లెక్సీ వెలిసింది. అల్లరి పిల్లలందరినీ గంటలకొద్దీ నాలో కూర్చోబెట్టేవాళ్లు. పక్కన ఎవరూ ఉండేవారు కాదు. ప్రసూన వచ్చి, "సార్, ఇది ఒక్కటే పెడితే పిల్లలు బాగుపడరు. పక్కన మనిషి ఉండాలె," అంది. నరహరి ఆమెకు టీ ఇప్పించి పంపేశాడు.

వార్షికోత్సవం నాడు తల్లిదండ్రులకు నా పనితనం చూపించడానికి రుత్వికను స్టేజీ ఎక్కించారు. కూర్చుంటే అందరికీ కనబడదని నిలబెట్టి నన్ను కట్టారు. స్పీకర్ల హోరు నాలోని టీచరు మాటను మింగేసింది. పిల్ల నుదురు చెమటతో తడిసి నా స్పాంజి నానిపోయింది.

"బాపూ, తల తిరుగుతాంది. తీసేస్తా," అంది.

సమ్మయ్య స్టేజీ కిందే ఉన్నాడు. కరస్పాండెంటు అతని వైపు చూసి ఉంటాడు.

"ఇంకొంచెంసేపు ఓర్సుకో బిడ్డా," అన్నాడు.

నాలో కనబడుతున్న గదికి అంచు లేదు. ఆమె తండ్రి గొంతు వినిపించిన వైపు అడుగు వేసింది. ఆ తర్వాత కాలి కింద ఏమీ లేదు. నేను ఊడి ఎక్కడో పడ్డాను. కుడి మోచెయ్యి విరిగిన పిల్ల ఏడుపు మైకులోంచి మైదానమంతా వినిపించింది.

చెప్పిన మాట వినని పిల్ల అని స్కూలు టీసీ ఇచ్చింది. నన్ను స్టోరు రూములో పడేశారు.

కొన్నాళ్లకు సమ్మయ్య వ్యాను తాళాలు అప్పగించడానికి అక్కడికొచ్చాడు. ఇక పని చేయనన్నాడు. బిడ్డ చెయ్యి పూర్తిగా చాపలేకపోతోందని, సర్కారు బడికి పోతోందని, పెన్సిలు కూడా ఎడమ చేత్తోనే పట్టుకుంటోందని అటెండరుకు చెప్పాడు. అప్పుడు నన్ను చూశాడు. తుడిచి, కళ్లకు తగిలించుకున్నాడు. నాలో మిగిలిన కొద్దిపాటి చార్జింగుతో తరగతి గది వెలిగింది. అతని తల ఒకసారి కిటికీ వైపు, ఒకసారి వెనక్కి తిరిగింది. అక్షరం వచ్చి పోయింది. అతను మీట నొక్కలేదు. కాసేపటికి నా అద్దాలు మసకబారాయి.

"ఇండ్ల నా బిడ్డ అంతసేపు ఎట్ల నిలవడ్డదో," అన్నాడు.

సమ్మయ్య నన్ను విప్పి, బెల్టు మడిచి, అరలో పెట్టి వెళ్లాడు. గది ఇంకా వెలుగుతూనే ఉంది. నల్లబల్ల మీద అక్షరాలు ఒకటి తర్వాత ఒకటి వస్తూ ఉన్నాయి, చార్జింగు అయిపోయేదాకా.