బోర్లించిన పైపు

హెబ్రోను డాక్టరు గారు నోటితో ఒక్క మాట సరిగ్గా చెప్పేవాడు కాదు. ఎవరు ఏమడిగినా "చూద్దాం" అనేవాడు. బతుకుతుందా అంటే చూద్దాం. ఇంటికి ఎప్పుడు పంపుతారంటే చూద్దాం. వినీ వినీ నాకు ఒళ్ళు మండిపోయేది. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఎద్దుకు జబ్బు చేస్తే పశువుల డాక్టరు కూడా ఇది నిలుస్తుంది, ఇది నిలవదు అని మొహం మీద చెప్తాడే, మనిషి దగ్గరికొచ్చేసరికి ఎందుకయ్యా ఈ దాపరికం?

అరవై రెండో సంవత్సరం, కార్తీక మాసం. నా భార్య ప్రమీలమ్మకి టైఫాయిడు. మా ఊరు ముత్తుకూరుకి ఇవతల. గూడుబండి కట్టుకుని నెల్లూరు తీసుకొచ్చి హెబ్రోను గారి ఆసుపత్రిలో చేర్చాను. నేనూ, మా అమ్మ ఆదిశేషమ్మా వరండాలోనే ఉండిపోయాం. ఎద్దుల్ని ప్రహరీ వెనక కట్టేశాను. మా నాలుగేళ్ళ పాపను ఊళ్ళోనే మా తమ్ముడి ఇంట్లో వదిలొచ్చాం.

డాక్టరు గారి "చూద్దాం" వెనకాల ఏముందో కనిపెట్టే విద్య ఆ వరండాలో ఒకటి ఉండేది. దానికి గురువు ఆయా ఎలిశబెతమ్మ. పదిహేనేళ్ళుగా ఆ ఆసుపత్రిలో పనిచేస్తోంది. మేం వచ్చిన మొదటి రోజే నన్ను పక్కకు పిలిచి చెప్పింది.

"అయ్యగారి మాటలు నమ్ముకోని కూర్చోబాకండి. ఆయన పైపు ఎట్టా పట్టుకుంటాడో చూస్తా ఉండండి. అంతా తెలిసిపోతాది."

డాక్టరు గారికి పైపు అలవాటు. వార్డు చూసి బయటికి రాగానే పొగాకు కూరి, వెలిగించి, వరండా చివర నిలబడేవాడు. పొగాకు కూరే గిన్నెను గుప్పిట్లో పొదివి పట్టుకున్నాడంటే నిదానంగా ఉన్నాడని, రోగికి గండం గడిచిందని. పళ్ళతో కరిచి పట్టుకుని చేతులు రెండూ ఖాళీగా ఉంచుకున్నాడంటే కత్తి పెట్టబోతున్నాడని. కాడను రెండు వేళ్ళతో కలంలా పట్టుకుని ఆడిస్తున్నాడంటే మందు మారుస్తాడని. గిన్నెను నేలవైపుకి బోర్లించి పట్టుకున్నాడా, ఇక బండి కట్టుకోవలసిందే.

మొదట్లో నేను నవ్వాను. నాలుగో రోజున కావలి నుంచి వచ్చిన ఒక షావుకారుని చూసి బయటికొచ్చిన డాక్టరు గారు పైపు బోర్లించి పట్టుకున్నాడు. సాయంత్రానికి షావుకారు పోయాడు. దాంతో నా నవ్వు ఆగిపోయింది. ఆ తర్వాత నేనూ అందరిలాగే పొద్దున్నే లేచి, పళ్ళు తోముకోవడం కూడా మానేసి ఆ పైపు కోసం ఎదురుచూడ్డం మొదలుపెట్టాను.

చావు ముందే తెలుసుకుని ఏం చేస్తారని మీరు అడగొచ్చు. మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. ఊరి బయట పోయిన మనిషిని పొలిమేర దాటనివ్వరు. ఊపిరి ఉండగా తెస్తే ఇంటికి చేర్చుకోవచ్చు, ఊపిరి పోయాక తెస్తే అటునుంచి అటే కాటికి. మా నాయన సంగం వైపు వడ్లు కొనడానికి పోయి అక్కడే గుండె ఆగి పోయాడు. పొలిమేర రాయి దగ్గర బండి ఆపేశారు. మా అమ్మ ఎంత ఏడ్చినా, ఎంతమంది కాళ్ళు పట్టుకున్నా వినలేదు. ఎండలో, దుమ్ములో, దారిలోనే స్నానం చేయించి తీసుకుపోయాం. పదేళ్ళయినా ఆ మాటెత్తితే అమ్మ అన్నం మీద నుంచి లేచిపోయేది.

పదకొండో రోజు సాయంత్రం ప్రమీల కళ్ళు తెరిచి నా వైపు చూసింది.

"ఏమయ్యా, ఈ బార్లీ నీళ్ళు తీసకపోయి నీ ఎద్దులకు పోయి. నాకు చింతకాయ పచ్చడీ అన్నం పెట్టు" అంది.

నాకు ప్రాణం లేచొచ్చింది. తెల్లారేసరికి మళ్ళీ ఒళ్ళు కాలిపోతోంది. పిలిస్తే ఊఁ అంటుంది, అంతకు మించి మాట లేదు. రాత్రి పట్టిన వాన వదల్లేదు. వాయుగుండమని రేడియోలో చెప్పారట. డాక్టరు గారు వచ్చాడు, నాడి చూశాడు, పొట్ట తడిమాడు, నర్సుకేదో చెప్పాడు. నేను వెంటపడి అడిగాను.

"చూద్దాం. ఇంకో రెండు రోజులు గడవాల. మనిషిని మాత్రం కదపబాకండి" అన్నాడు.

బయటికి వెళ్ళి పైపు వెలిగించాడు. అవతల ఆపరేషన్ల గదికి పోవాలంటే మధ్యలో ఆవరణ దాటాలి. మెట్టు మీద ఒక్క క్షణం నిలబడి పైపు బోర్లించాడు. గిన్నె నేలవైపు, కాడ నోట్లో. అలాగే వానలోకి దిగి వెళ్ళిపోయాడు.

ఎలిశబెతమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా అమ్మ లేచి నిలబడింది.

"బండి కట్టు నాయనా" అంది.

"కదపొద్దన్నాడు గదమ్మా!"

"ఆయనకేం, ఎన్నైనా చెప్తాడు. మీ నాయన్ని ఊరి బయట కుక్కల మధ్య పడుకోబెట్టింది చాల్లా? నా కోడల్ని గూడా అట్టా పెట్టమంటావా? ఊపిరుండంగానే ఇల్లు చేర్చు. బిడ్డనన్నా చూసుకుంటాది."

నేను ఒప్పుకున్నాను. ఇది అమ్మ మీదికి తోసేయను. నా చేతులతో నేనే ఎద్దుల్ని కట్టాను. నర్సు అడ్డుపడితే నోటికొచ్చినట్టు తిట్టాను. డాక్టరు గారు ఆపరేషన్లో ఉన్నాడు, ఆయన వచ్చేదాకా ఆగమని ఆ పిల్ల ఏడుపు మొహంతో బతిమాలింది. ఆగితే ఈలోపు ఊపిరి పోతుందేమోనని నా భయం. మా ఇష్టప్రకారమే తీసుకుపోతున్నామని కాగితం మీద వేలిముద్ర వేసి, ప్రమీలను రెండు చేతులమీద ఎత్తుకొచ్చి బండిలో పడుకోబెట్టాను. పసిబిడ్డంత కూడా లేదు బరువు.

బండి కదలగానే కళ్ళు తెరిచింది.

"ఏడకి పోతా ఉండాం?"

"ఇంటికి."

"నయమయిందంటనా?"

"అయింది" అన్నాను. ఆమె నవ్వింది. ఆ నవ్వు చూడలేక ఎద్దుల వైపు తిరిగి కూర్చున్నాను.

దారిలో ఒక చప్టా ఉంది, కాలువ నీళ్ళు రోడ్డు మీదుగానే పారతాయి. మేం దాటేటప్పుడు చక్రానికి జానెడు ఎత్తున ఉన్నాయి. అది దాటి రెండు మైళ్ళు పోయేసరికి ప్రమీల కడుపు పట్టుకుని మూలగసాగింది. రోడ్డు నిండా గుంతలు, ఒక్కో గుంతలో పడ్డప్పుడల్లా అమ్మా అంటోంది. కాసిని వేడినీళ్ళయినా పట్టిద్దామని ఒక టీకొట్టు దగ్గర ఆపాను. పొయ్యి వెలుగుతోంది. కొట్టు ముందు వానలో, తలమీద గోనెసంచి కప్పుకుని ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. నోట్లో పైపు. గిన్నె బోర్లించి ఉంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏందయ్యా ఆ పట్టుకోవడం! ఎవురు చచ్చినారని బోర్లించినావు? బండిలో మనిషి ఉండాది, కనపడలా?" అని అరిచాను.

ఆయన కోప్పడలేదు. వింతగా చూశాడు. తర్వాత తెలిసింది, ఆయన పేరు హజరత్తయ్య, రంగూను స్టీమర్లలో ఇరవై ఏళ్ళు ఖలాసీగా చేసి వచ్చాడని.

"చచ్చేదేంది నాయనా? వాన పడతా ఉంటే బోర్లించక ఏం చేస్తారు? మీది వైపుకి పెడితే నీళ్ళుపడి నిప్పు ఆరిపోదా? పొగాకు గట్టిగా కూరితే కింద రాలదు. ఓడ మీద వానొస్తే అందరం ఇట్టనే. గాలి కొడితే గుప్పిట్లో మూసుకుంటాం. చేత్తో పనుంటే పళ్ళతో పట్టుకుంటాం. ఇందులో సోద్యమేముండాది?"

అని, ఒక దమ్ము పీల్చాడు. బోర్లించిన గిన్నె కింద నుంచి పొగ వచ్చింది.

పొద్దున కూడా పొగ వచ్చింది. డాక్టరు గారు ఆవరణ దాటుతుంటే ఆయన వెనక, ఆ వానలో, నీలంగా పొగ సాగింది. నేను నా రెండు కళ్ళతో చూశాను. చూసి కూడా నాకు బుర్రలోకి ఎక్కలేదు. కావలి షావుకారు పోయిన రోజు కూడా వానే. ఆ పన్నెండు రోజుల్లో వాన పడని రోజు ఏదైనా ఆయన పైపు బోర్లించాడా? ఎంత గుర్తు చేసుకున్నా ఒక్కటీ లేదు.

వేడినీళ్ళ మాట మరిచిపోయాను. ఎద్దుల ముక్కుతాళ్ళు పట్టి బండి వెనక్కి తిప్పాను.

"ఏడకిరా?" అంది అమ్మ.

"ఆసుపత్రికి. బతికేదమ్మా! రెండు రోజులు గడవాలన్నాడు. కదపొద్దన్నాడు. మనమే కదిపి చంపతా ఉండాం!"

"సగం దారి వచ్చి వెనక్కి తిప్పబాక నాయనా. దానికి చేతగావడంలా, ఇంటికి పోదాం."

"నోరు ముయ్యి! నువ్వే గదా బండి కట్టించినావు. ఇది పోతే చంపింది నువ్వే!"

కన్నతల్లిని ఆ మాట అన్నాను. ఆమె ప్రమీల తలను ఒడిలో పెట్టుకుని, గుంత వచ్చినప్పుడల్లా రెండు చేతులతో అదిమి పట్టుకుని కూర్చుంది. నేను ఎద్దుల్ని కొట్టాను. జీవితంలో ఎన్నడూ కొట్టనంతగా కొట్టాను. మెల్లగా పోతే ఊపిరి పోతుందని భయం, తొందరగా పోతే ఆ కుదుపులకే పోతుందని భయం. దేవుడా, ఈ ఒక్కసారికి దాటించు, జన్మలో ఇంకెవరి చేతులూ చూడను, ఎవరి శకునాలూ వినను అని పైకే మొక్కాను.

చప్టా కనపడలేదు. దాని స్థానంలో ఎర్రటి నీళ్ళు ఈ గట్టునుంచి ఆ గట్టుకి ఒరుసుకుని పారుతున్నాయి. అవతలి ఒడ్డున ఇద్దరు ముగ్గురు నిలబడి రావద్దు రావద్దని చేతులూపారు. ఎద్దుల్ని దించబోయాను. మోకాళ్ళ లోతుకి పోయి మొరాయించాయి. ప్రమీలను భుజాన వేసుకుని నేనే దిగుదామని గూట్లోకి చేతులు పెట్టాను. దుప్పటి తడిగా తగిలింది. జల్లు లోపలికి కొట్టిందనుకున్నాను. చెయ్యి బయటికి తీస్తే నెత్తురు.

"ఇల్లొచ్చిందా?" అంది ప్రమీల.

"వచ్చింది."

"పాపేది?"

"లోపలుండాది. తీసకొస్తా ఉండారు."

ఆమె సరే అన్నట్టు తలాడించింది. ఆ తర్వాత నేను ఎన్నిసార్లు పిలిచానో తెలియదు. నీళ్ళ హోరుకి నా గొంతు నాకే వినపడలేదు. అమ్మ వేళ్ళు ముక్కు దగ్గర పెట్టి చూసి, వేళ్ళు వెనక్కి తీసుకుని, తలవంచుకుంది. అప్పటికి మధ్యాహ్నం మూడై ఉంటుంది. ఆసుపత్రి ఆ నీళ్ళకు అవతల నాలుగు మైళ్ళు.

చాలాసేపటికి మళ్ళీ ఇంటిదారి పట్టాను. అమ్మతో నోరు విప్పితే ఏమంటానో నాకే భయం. ఆమెను బండిలోంచి దింపేసి పోదామన్నంత కసి ఉంది నాలో. ఇంత చేసి, ఊపిరి తీసి, ఇప్పుడు పొలిమేర దగ్గర ఆపేస్తారు. ఇంటికి చేరుద్దామనే గదా చంపుకున్నాం. ఆ ఇంటికి కూడా చేరదు.

పొద్దు గుంకకముందే పొలిమేర రాయి దగ్గరికి చేరాం. వార్త ఎలా అందిందో, నలుగురైదుగురు గొడుగులు వేసుకుని నిలబడి ఉన్నారు. ముందు మా ఊరి పెద్ద నరసయ్య. మా నాయన బండిని ఆపించింది కూడా ఆయనే. చేత్తో ఎద్దు కొమ్ము పట్టుకున్నాడు.

"ఎట్టుంది మాల్యాద్రీ? ఊపిరుండాదా?"

ఉందని చెప్దామని నోరు తెరిచాను. నా మొహం చూసి ఆయన బండి పక్కకు వచ్చాడు. వానకు గూడు ముందూ వెనకా పట్టాలు దించి కట్టి ఉన్నాయి, లోపల చీకటి. ఆయన పట్టా మీద చెయ్యి వేశాడు.

"ప్రమీలమ్మా, ఎట్టుందమ్మా?" అన్నాడు.

నేను కళ్ళు మూసుకున్నాను.

"ఉండా మామా" అని లోపలి నుంచి సన్నగా వినిపించింది. "చలిగా ఉంది. పాపను చూడాల, తొందరగా పోనియ్యండి."

అది ప్రమీల గొంతు. ఆ నీరసం, ఆ సాగదీత, అన్నీ ఆమెవే. చేతిలోంచి పగ్గాలు జారిపోయాయి. బతికే ఉంది, చప్టా దగ్గర మేమే పొరబడ్డాం అనుకుని, వెనక్కి తిరిగి నా వైపు పట్టా ఒత్తిగించి చూశాను.

ప్రమీల నోరు కొంచెం తెరుచుకుని, అలాగే ఉంది. ఆమె తలను ఒడిలో పెట్టుకుని మా అమ్మ, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. కన్నీళ్ళు కోడలి నుదుటి మీద పడుతున్నాయి.

"పోనియ్యమనవయ్యా, చలేస్తా ఉంది" అంది అమ్మ మళ్ళీ, కోడలి గొంతుతో, నాతో.

నరసయ్య కొమ్ము వదిలేశాడు. గొడుగులు పక్కకు జరిగాయి. నేను పగ్గాలు తీసుకుని ఎద్దుల్ని అదిలించాను.